బోరు చేయించిన ట్రాక్టరుని దమ్ములోకి దించే ముందు

కాలువలకు నీళ్లు వదిలే రోజు దగ్గరపడిందంటే షెడ్డుల దగ్గర హడావుడి మామూలుగా ఉండదు. ఇంజన్ విప్పి బోరు (సిలిండర్లు సరిచేయడం), క్రాంకు గ్రైండింగు (క్రాంకు షాఫ్టుని సానపట్టడం), కొత్త బేరింగులు అన్నీ అయ్యాయి కదా అని మర్నాడే కేజ్ వీల్స్ (దమ్ముకి వాడే ఇనప చక్రాలు) తగిలించి మళ్లోకి దించేస్తారు. అది మాత్రం వద్దు. దమ్ములో, అంటే నీళ్లు పెట్టిన మడిని కలియదున్నేటప్పుడు, ఇంజన్ గంటల తరబడి ఫుల్ లోడు మీదే ఉంటుంది. ముందు కొన్నాళ్లు ట్రక్కు (ట్రైలరు) తగిలించి తోలండి, తేలిక దుక్కి చేయండి. అలాగని ఊరికే స్లోలో (ఎక్సలేటరు ఇవ్వకుండా) గంటల కొద్దీ వదిలేసినా పిస్టన్ రింగులు సరిగ్గా కూర్చోవు.

బేరింగు అరిగి శబ్దం వస్తే చూద్దాంలే అనుకుంటారు చాలామంది. చెవికి వినపడేసరికి బేరింగుతో పాటు చాలాసార్లు క్రాంకు కూడా గీతలు పడి ఉంటుంది, అంటే గ్రైండింగు ఖర్చు మళ్లీ మొదటికే. అంతకన్నా చాలా ముందే ఆయిల్ ఫిల్టరు చెప్పేస్తుంది. తొలి ఆయిల్ 50 గంటలు దాటనివ్వకుండా మార్చేసి, తీసిన ఫిల్టరుని పారేయకుండా కోసి చూడండి. హాక్సా బ్లేడుతో కోస్తే దాని రజనే లోపల పడి మనల్ని కంగారు పెడుతుంది, కాబట్టి డబ్బా రకమైతే ఫిల్టరు కట్టరే వాడాలి. కాగితం మడతలు విప్పి, ఎండలో పెట్టి, అయస్కాంతం తిప్పండి. అంటుకునేది ఇనుము. రింగులు, లైనరు (సిలిండరు లోపలి గొట్టం) సర్దుకునేటప్పుడు సన్నటి పొడి కొంచెం రావడం మామూలే. అంటుకోకుండా వెండిలా మెరిసే రేకులుంటే మాత్రం బేరింగు పై పూత గానీ పిస్టన్ గానీ అరుగుతున్నట్టు. రాగి రంగు కనపడితే చాలామటుకు పూత పోయి కింది పొర దాకా వచ్చిందనే, బుష్‌ల నుంచి కూడా రావచ్చు గానీ రెండిట్లో ఏదైనా సంపు (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) విప్పాల్సిందే. విప్పినప్పుడు కనెక్టింగ్ రాడ్డు బేరింగుకి పై షెల్ (సగం ముక్క), క్రాంకుని మోసే మెయిన్ బేరింగుకి కింది షెల్ ముందు చూడండి, దెబ్బ ఎక్కువగా వాటికే. బేరింగుని బిగించే క్యాపులు ఒకదాని బదులు ఒకటి పెట్టనివ్వకండి.

ఇక ఆయిల్ ప్రెషరు. ఇంజన్ బాగా వేడెక్కాక స్లోలో ఎంతుందో, 1500 ఆర్‌పీఎంలో ఎంతుందో రాసి పెట్టుకుని వారం వారం పోల్చుకోండి, మెల్లగా దిగుతోందంటే అనుమానించాలి. ఎర్ర లైటుని నమ్ముకోవద్దు, అది వెలిగేది ప్రెషరు పూర్తిగా పడిపోయాకే. రోజూ పొద్దున డిప్‌స్టిక్ చూడండి. లెవెల్ పెరిగిందంటే సంతోషపడకండి, డీజిలో నీళ్లో కలుస్తున్నాయి, పల్చబడిన ఆయిల్ బేరింగుని నిలబెట్టలేదు.

రేజ్ చేసి వదిలినప్పుడు కింది నుంచి టక్ టక్‌మని బరువుగా కొడితే రాడ్డు బేరింగే అయ్యుండొచ్చు. పాత రకం పంపున్న బళ్లకు మెకానిక్ ఒక్కో ఇంజెక్టరు పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండరు దగ్గర శబ్దం తగ్గుతుందో చూస్తాడు. ఆ డీజిల్ ధార చర్మంలోకి దూసుకుపోతుంది, చెయ్యి అడ్డం పెట్టకండి. మడి మధ్యలో ఈ శబ్దం మొదలైతే అక్కడే ఆపేయండి. ఇంకో రెండు సాళ్లు కొట్టేద్దాం, ఇంటిదాకా తోలేద్దాం అనొద్దు, వేరే ట్రాక్టరుతో లాగించండి.