పెద్దల మెదడుకు మేలు చేసే వంట: ఆకుకూర, ఉసిరి, పసుపు వాడే తీరు

శరీర బరువులో సుమారు 2 శాతమే ఉండే మెదడు, శరీరం వాడే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతాన్ని ఖర్చు చేస్తుంది. ఆ క్రమంలో పుట్టే ఫ్రీ రాడికల్స్ అనే అస్థిరమైన అణువులు మెదడులో సమృద్ధిగా ఉండే కొవ్వులను దెబ్బతీస్తాయి. వయసు మీదపడేకొద్దీ ఆ నష్టాన్ని సరిచేసుకునే శక్తి తగ్గడాన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ (ఫ్రీ రాడికల్స్ వల్ల కణాలపై పడే ఒత్తిడి) పెరగడానికి ఒక కారణంగా చెబుతారు. మొక్కల్లో సహజంగా ఉండే పాలీఫినాల్స్ అనే రసాయనాలు రక్తంలోకి చేరేది స్వల్పమే కనుక, అవి ఫ్రీ రాడికల్స్‌తో నేరుగా పోరాడడం కన్నా కణాల సొంత రక్షణ వ్యవస్థను ప్రేరేపిస్తాయన్న వివరణే ఎక్కువ సమంజసంగా ఉంది. కాబట్టి ఒక్కసారే ఎక్కువగా తినడం కాక, రోజూ కొంత తినడమే పద్ధతి.

ముందుగా ఆకుకూరను రోజువారీ వంటలో చేర్చండి. చికాగో ప్రాంతంలో 960 మంది వృద్ధులపై జరిగి 2018లో వెలువడిన పరిశీలనలో, రోజుకు సుమారు ఒక పూటకు సరిపడా ఆకుకూర తిన్నవారిలో జ్ఞాపకశక్తి క్షీణత నెమ్మదిగా కనిపించింది. అయితే దానికి ఆకుకూరే కారణమని ఇలాంటి పరిశీలన రుజువు చేయలేదు.

తోటకూరనైనా పాలకూరనైనా తరగకముందే కడగాలి, తరిగాక కడిగితే నీటిలో కరిగే విటమిన్లు కొట్టుకుపోతాయి. ఆకుకు అంటిన తడితోనే మూతపెట్టి, సన్నని మంటపై ఆకు మెత్తబడేవరకు మాత్రమే మగ్గనివ్వాలి. ఆకుల్లోని ల్యూటిన్, బీటా కెరోటిన్ అనే రంగు పదార్థాలు కొవ్వుతో కలిస్తేనే ఒంటికి బాగా పడతాయి కనుక, నూనె మానేసి ఉడకబెట్టి పెట్టడం కన్నా చెంచాడు నూనెతో వెల్లుల్లి తాలింపు పెట్టడమే మంచిది. వంకాయ తొక్క తీయకండి, ఆ ఊదారంగే ఆంథోసయనిన్ అనే పాలీఫినాల్. ఉసిరిని పచ్చిగా తురిమి పెరుగులో కలపవచ్చు. ఊరగాయలో ఉప్పు ఎక్కువ, రక్తపోటు ఉన్నవారికి అది సరిపడదు.

పసుపులోని కర్క్యుమిన్ పేగుల నుంచి రక్తంలోకి చేరడం కష్టం. మిరియాలలోని పైపరిన్‌ను దానికి తోడు చేస్తే రక్తంలో దాని మోతాదు ఎన్నో రెట్లు పెరిగిందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపారు. వారు ఇచ్చింది 2 గ్రాముల కర్క్యుమిన్, మన మిరియాల చారులో పడేది చిటికెడు పసుపు. కనుక చారు తాగండి, కానీ దాన్ని మందుగా భావించకండి.

క్యాప్సూళ్ల జోలికి వెళ్లకపోవడం మేలని నా అభిప్రాయం. జ్ఞాపకశక్తికి మంచిదని అమ్మే జింకో బిలోబా అనే చెట్టు ఆకుల సారాన్ని 3,000 మందికి పైగా వృద్ధులపై ఏళ్ల తరబడి పరీక్షించగా, అది డిమెన్షియాను (మతిమరుపు వ్యాధిని) ఆపలేదని 2008లో తేలింది. పసుపు క్యాప్సూళ్లతో కొందరికి కాలేయం దెబ్బతిన్న ఉదాహరణలున్నాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవారు ఆకుకూరను హఠాత్తుగా పెంచకూడదు, మానకూడదు. అందులోని విటమిన్ కె ఆ మందు ప్రభావాన్ని మారుస్తుంది కాబట్టి, ఎంత తింటున్నారో వైద్యునికి చెప్పి, అదే పరిమాణాన్ని కొనసాగించాలి.