వర్షపాతాన్ని చుక్కలుగా గీసే ముందు జాగ్రత్తలు

అనంతపురం జిల్లా మండలాల వర్షపాతాన్ని మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో (పైథాన్‌లో గ్రాఫులు గీసే లైబ్రరీ) చుక్కలుగా వేయబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి.

- ఏ కమాండ్ వాడుతున్నారు? 'ప్లాట్'లో మార్కర్‌సైజ్ అంటే చుక్క వెడల్పు, పాయింట్లలో. 72 పాయింట్లు ఒక అంగుళం. 'స్కాటర్'లో 'ఎస్' ఆ వెడల్పు వర్గం (వెడల్పు × వెడల్పు): ప్లాట్‌లోని 6కి స్కాటర్‌లో 36. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఎస్ రెట్టింపు చేస్తే వెడల్పు సుమారు 1.4 రెట్లే అవుతుంది. వానను బట్టి చుక్క పెరగాలంటే మిల్లీమీటర్లను ఒకే సంఖ్యతో గుణించి ఎస్‌కు ఇవ్వండి. వెడల్పుకు ఇచ్చారంటే చుక్క వైశాల్యం నాలుగు రెట్లై, 600 మి.మీ. మండలం 300 మి.మీ. మండలానికి నాలుగింతలు కురిసినట్టు కనబడుతుంది. చదివేవాళ్లకు అది అన్యాయం.

- జనవరి, ఫిబ్రవరిలో చినుకు పడని మండలాలుంటాయి. ఎస్ సున్నా అయితే చుక్క ఉన్నట్టే తెలియదు. డేటా లేని గడి కూడా మాయమవుతుంది, రెండూ ఒకటే అనిపిస్తాయి. సున్నాకు బోలు గుర్తు, డేటా లేనిచోట ఇంటూ గుర్తు విడిగా వేయండి.

- బొమ్మ వెడల్పు ముందే తేల్చుకోండి. 7 అంగుళాల్లో గీసి 3.5కు కుదిస్తే 6 పాయింట్ల చుక్క 3 అవుతుంది. డీపీఐ (అంగుళానికి పిక్సెళ్ల సంఖ్య) పెంచితే స్పష్టత పెరుగుతుంది గానీ అచ్చులో చుక్క పెరగదు.

- గ్నూప్లాట్ అనే మరో గ్రాఫుల ప్రోగ్రాంలో పాయింట్‌సైజ్ అంటే మామూలు సైజుకు ఎన్ని రెట్లు అన్నది మాత్రమే.