బొద్దింకలకు బోరిక్ ఉండలు

రాత్రి వంటింట్లో లైటు వేస్తే చాలు, పొయ్యి కింద నుంచి బొద్దింకలు చెల్లాచెదురు. స్ప్రే కొడితే కనబడినవే చస్తాయి. మా నల్గొండ వైపు పాత ఇళ్లలో షాబాదు బండల షెల్ఫులే కదా, ఆ సందుల్లో దాక్కున్నవి మర్నాడు మళ్లీ హాజరు.

మెడికల్ షాపులో బోరిక్ పౌడర్ అని అడగండి, ఖరీదేం కాదు. నాలుగు చెంచాల పౌడర్, అంతే గోధుమపిండి, రెండు చెంచాల చక్కెర. కొద్దిగా పాలు చిలకరించి గట్టిగా కలిపి, శనగగింజంత ఉండలు చేసి ఆరబెట్టాలి. కలిపిన గిన్నె, చెంచా మళ్లీ వంటకు వాడొద్దు. సీసా మూతల్లో పెడితే ఇల్లు తుడిచేటప్పుడు తీయడం సులువు. ఫ్రిజ్ వెనక మోటారు దగ్గర ఒకటి తప్పనిసరి, ఆ వెచ్చదనానికి అక్కడే కాపురం పెడతాయి. రాత్రి ఎంగిలి గిన్నెలు మాత్రం సింకులో ఉంచొద్దు; అన్నం మెతుకులుంటే ఉండల జోలికెందుకు వస్తాయి?

వారం పది రోజులు ఓపిక పట్టాలి. గుడ్లకు ఈ మందు అంటదు కాబట్టి నెల తర్వాత కొత్త ఉండలు పెట్టండి.

పక్కనే స్ప్రే కొడితే బొద్దింకలు ఆ ఉండలను ముట్టవు. పాకే పిల్లలు, పెంపుడు పిల్లి ఉన్న ఇంట్లో అయితే ఇది అసలే వద్దు.