వలసకాలపు అమెరికా ఇంటిపేర్లు వెతకడం, 4వ పాఠం: పెళ్లికి ముందే పుట్టిన బిడ్డ

ఈసారి వీలునామాలు చదవడం చెప్పాల్సింది, వాయిదా వేస్తున్నాను. పోయిన పాఠం అభ్యాసంలో చాలామంది ఒకేచోట బోల్తా పడ్డారు. 1720 ఏప్రిల్ 10న పెళ్లి, 1720 ఫిబ్రవరి 12న మొదటి బిడ్డ అని ఉండేసరికి కొందరు ఏ రికార్డులోనూ లేని మొదటి భార్యను పుట్టించారు, ఇంకొందరు అదే పేరుతో ఇద్దరు మనుషులున్నారని తేల్చి వంశవృక్షాన్ని రెండుగా చీల్చేశారు. ఆ బిడ్డ పెళ్లయిన పది నెలలకు పుట్టింది, అంతే.

1752కి ముందు ఇంగ్లండులోనూ, దాని అమెరికా వలసల్లోనూ అధికారికంగా సంవత్సరం మారేది మార్చి 25న. మనకు ఉగాదికి కదా ఏడాది మారేది, జనవరి, ఫిబ్రవరి పాత సంవత్సరంలోనే ఉంటాయి, అచ్చం అలాగే. 1720 డిసెంబరు తర్వాత 1720 జనవరి, 1720 ఫిబ్రవరి వచ్చి, 1720 మార్చి 24 మర్నాడు 1721 అవుతుంది. అందుకే 1725 అక్టోబరులో రాసిన వీలునామా 1725 జనవరిలో కోర్టుకు వచ్చినట్టు కనిపిస్తే కంగారు పడకండి. జనవరి 1 నుంచి మార్చి 24 వరకు వచ్చే తేదీలను 1720/21 అని రెండేళ్లతో రాసుకోండి. చాలామంది గుమాస్తాలు అప్పట్లోనే అలా రాసేవారు.

అమెరికా నేత బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుటుంబాన్ని చూడండి. బెంజమిన్ పుట్టింది పాత లెక్కలో 1705/6 జనవరి 6, ఇప్పటి లెక్కలో 1706 జనవరి 17. అన్న జేమ్స్‌ది 1696/97 ఫిబ్రవరి. చెల్లెలు జేన్‌ది 1712 మార్చి 27, అంటే కొత్త ఏడాది మొదలైన రెండు రోజులకు, కాబట్టి ఆమె సంవత్సరంతో పేచీ లేదు. బెంజమిన్ తేదీలో కనిపించే 11 రోజుల తేడా వేరే సంగతి: 1752లో సెప్టెంబరు 2 మర్నాడు 14 అని ప్రకటించి క్యాలెండరు సరిచేశారు. నేనైతే ఆ రోజులను కలపను, పత్రంలో ఉన్న తేదీనే ఉంచుతాను, మీరూ అలాగే చేయండి.

నాకు నిజంగా ఒళ్లు మండేది రెండుసార్లు దిద్దడం. పాత రికార్డును అచ్చు వేసినాయన ముందే 1720ని 1721 చేసి ఉంటాడు, అది తెలియక మనం 1722 చేస్తాం, దాన్ని ఇంకొకరు కాపీ కొడతారు, చివరికి ఆ బిడ్డకు తల్లి చనిపోయిన ఏడాది తర్వాత పుట్టినరోజు వస్తుంది. కాబట్టి ఒక్క తేదీ చూసి ఎప్పుడూ దిద్దకండి. అసలు రిజిస్టరు బొమ్మ తెరిచి ఆ పేజీలో పైవీ కిందవీ చదవండి. డిసెంబరు 1720 కింద జనవరి 1720 ఉంటే పాత లెక్క, జనవరి 1721 ఉంటే ఎవరో ముందే మార్చారు, లేదా ఆ గుమాస్తాకే జనవరిలో ఏడాది మార్చే అలవాటు. బొమ్మ దొరకకపోతే ఉన్నది ఉన్నట్టు రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ఆ గుర్తు తప్పు సంవత్సరం కన్నా వెయ్యి రెట్లు నయం.

పెన్సిల్వేనియాలోని క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లతో ఇంకో చిక్కుంది. వాళ్లు నెలల పేర్లు వాడేవారు కాదు, అంకెలే. 1752కి ముందు వాళ్ల మొదటి నెల మార్చి, ఏడో నెల సెప్టెంబరు, పదకొండో నెల జనవరి. ‘7వ నెల’ను జులై అనుకుంటే రెండు నెలలు తప్పుతారు. 1664కి ముందు డచ్చివాళ్ల న్యూ ఆమ్‌స్టర్‌డామ్ (ఇప్పటి న్యూయార్క్) చర్చి రికార్డుల్లో ఈ గొడవే లేదు, అక్కడ అప్పటికే కొత్త క్యాలెండరు.

ఇంకా ఇద్దరు ముగ్గురు అడిగారు కాబట్టి చెబుతున్నాను: ఆ కాలపు రికార్డుల్లో జూనియర్ అంటే కొడుకే కానక్కర్లేదు, ఊళ్లో అదే పేరున్న చిన్నవాడెవరైనా కావచ్చు. సన్-ఇన్-లా అంటే అల్లుడే కాదు, సవతి కొడుకు కూడా.

అభ్యాసం కష్టమే, వారం తీసుకోండి. బెంజమిన్ తండ్రి జొసాయా ఫ్రాంక్లిన్‌కు ఇద్దరు భార్యల వల్ల 17 మంది పిల్లలు. మొదటి భార్య ఆన్ 1689 జులైలో చనిపోయింది, ఆ నవంబరులోనే అబయాను పెళ్లాడాడు. అందరి పుట్టిన తేదీలు వరసలో పెట్టి, జనవరి 1 నుంచి మార్చి 24 మధ్యవాటికి రెండేళ్లు వేసి, కాన్పుల మధ్య ఎడం లెక్కగట్టండి. మొదటి ముగ్గురు బోస్టన్ రికార్డుల్లో దొరకరు, ఇంగ్లండులోని బాన్‌బరీలో వెతకాలి. జోసెఫ్ అనే పేరు రెండుసార్లు వస్తుంది. రెండోదాన్ని కొట్టేయకుండా, ఎందుకు వచ్చిందో మరణాల రికార్డు చూసి రాయండి.