కొండ మీద తలనొప్పి దాచుకోవద్దు
వేసవి సెలవుల్లో పిల్లలను హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కు పంపుతున్నారా? బూట్లు, స్వెటర్ల కన్నా ముందు ఒక మాట చెప్పి పంపండి: తలనొప్పి, వికారం మొదలైతే వెంటనే గైడుకు చెప్పాలి. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడి వచ్చే జబ్బుకు అవే తొలి గుర్తులు. పదిహేనేళ్ల వయసులో స్నేహితుల ముందు వెనకబడటం నామోషీ అనుకుని దాచేస్తారు. నా భయమంతా అదే. మనాలి ఎత్తు సుమారు 2,050 మీటర్లు, అక్కడికి దగ్గర్లోని హంప్టా పాస్ అనే కనుమ 4,200 మీటర్లు దాటుతుంది. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ముందురోజు కన్నా 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. తలనొప్పి తగ్గేదాకా పైకి ఎక్కనే కూడదు. నడకలో తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా తెల్లవారాక చూద్దాం అనుకోకుండా వెంటనే కిందికి దించాలి. అన్నట్టు, కొత్త బూట్లయితే నెల ముందే తొడిగించి నడిపించండి.