చెడిపోని మోటార్లనూ రాసుకోండి: గుణుపురం, రాయగడ విద్యార్థులకు రిలయబిలిటీ పరిశోధన దారి

గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు గణితం, స్టాటిస్టిక్స్‌తో డిగ్రీ చదువుతూ రిలయబిలిటీలో (యంత్రాలు ఎన్నాళ్లు చెడకుండా నడుస్తాయో లెక్కకట్టే శాస్త్రంలో) పరిశోధన చెయ్యాలనుకునేవాళ్లు పెద్ద సంస్థలో సీటు వచ్చేదాకా ఆగక్కర్లేదు. మొదటి డేటా మీ ఊరి బోర్ల దగ్గరే ఉంది. మోటారు ఎన్నాళ్లు నడిచి ఆగింది, ఎందుకు ఆగింది అన్నది ఈ శాస్త్రానికి అసలు ప్రశ్న.

వైండింగ్ షాపు ఖాతా పుస్తకంతో మొదలుపెట్టకండి. అక్కడికొచ్చేవన్నీ కాలిపోయినవే. ఒక పంచాయతీని ఎంచుకుని, అందులో ఉన్న ప్రతి మోటారునూ ముందు జాబితాలోకి ఎక్కించండి. ఒక్కోదానికి ఒక వరుస: హార్స్‌పవర్, సింగిల్ ఫేజా త్రీ ఫేజా, బిగించిన తేదీ, కొత్తదా రీవైండింగ్ చేసిందా, ఆగిన తేదీ, కారణం. ఆగకపోతే మీరు చివరిసారి చూసిన తేదీ వేసి ‘నడుస్తోంది’ అని రాయండి. దీన్నే సెన్సారింగ్ అంటారు. రైతు అనుమతి అడగండి. పేరుకు బదులు నంబరు వాడండి.

ఆ ‘నడుస్తోంది’ వరుసల విలువ లెక్కలో చూడండి. పది మోటార్లను ఏడాది పాటు గమనించామనుకుందాం. 3, 7, 11 నెలలకు ఒక్కోటి ఆగాయి. ఒకటి 5వ నెలలో అమ్ముడుపోయింది. మిగతా ఆరూ 12 నెలలు దాటాక కూడా నడుస్తున్నాయి. ఆగిన మూడింటికే సగటు కడితే 7 నెలలు. కప్లాన్–మేయర్ పద్ధతిలో (1958) ఆగిన ప్రతి సమయానా, అప్పటికి గమనింపులో ఉన్నవాటిలో ఎన్ని నిలిచాయో గుణించుకుంటూ పోతాం: 9/10, తర్వాత 7/8, తర్వాత 6/7. ఫలితం 0.675, అంటే మూడింట రెండు వంతులు ఏడాది దాటుతాయని అంచనా. అమ్ముడైన మోటారు 5వ నెల తర్వాత లెక్కలోంచి తప్పుకుంది, అందుకే రెండో భిన్నంలో 9 కాదు, 8 ఉంది. చెడిపోయే రేటు స్థిరంగా ఉందనుకుంటే మొత్తం నడిచిన కాలం 98 నెలలు, ఆగినవి 3, సగటు ఆయుష్షు దాదాపు 32.7 నెలలు. ఏడెక్కడ, ముప్ఫై రెండెక్కడ!

తేదీల దగ్గర మన వైపు ఒక చిక్కు ఉంది. ‘రథయాత్ర అయ్యాక, వినాయక చవితికి ముందు కాలింది’ అంటారు. మధ్యలో ఒక తేదీ ఊహించి రాయకండి. రెండు పండగల తేదీలనూ ఆ ఏటి క్యాలెండరులో చూసి రెండు గడుల్లో వెయ్యండి. ఇది ఇంటర్వల్ సెన్సారింగ్, దీనికి పద్ధతులు సిద్ధంగా ఉన్నాయి.

కారణం గడిలో ‘కాలిపోయింది’ అన్న ఒక్క మాట చాలదు. వోల్టేజీ తక్కువైతే లోడు మీదున్న మోటారు ఎక్కువ కరెంటు లాగి వైండింగ్ వేడెక్కుతుంది. త్రీ ఫేజ్‌లో ఒక ఫేజు పోయినా అంతే. బోరులో నీళ్లు దిగిపోతే సబ్‌మెర్సిబుల్‌కు చల్లదనం అందదు. బేరింగ్ అరుగుదల వేరే దారి. ఆయుష్షు లెక్కలకు వాడే వైబుల్ పంపిణీలో షేప్ విలువ 1 కన్నా తక్కువైతే తొలినాళ్ల లోపాలు, 1 దగ్గరైతే యాదృచ్ఛికం, ఎక్కువైతే అరుగుదల. నాసి రీవైండింగ్‌నీ బేరింగ్ అరుగుదలనీ ఒకే కుప్పలో పోస్తే షేప్ 1 దగ్గరకొచ్చి రెండింటినీ దాచేస్తుంది. వైండింగ్‌ను పరిశీలిస్తున్నప్పుడు, బేరింగ్ పోయి ఆగిన మోటారును ఆ తేదీకి సెన్సార్ చెయ్యండి, అంటే అప్పటిదాకా ‘నడుస్తోంది’ అన్నట్టే లెక్కించండి; రెండు కారణాలకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకున్నప్పుడే ఇది చెల్లుతుంది.

సాఫ్ట్‌వేరుకు డబ్బు పెట్టక్కర్లేదు. ఆర్ ఉచితం, ‘సర్వైవల్’ ప్యాకేజీ దానితోనే వస్తుంది. ఒక్క జాగ్రత్త: అందులోని ‘సర్వ్‌రెగ్’ ఫంక్షన్ చూపించే స్కేల్ వైబుల్ స్కేల్ కాదు. దాన్ని తిరగేస్తే (1ని దానితో భాగిస్తే) షేప్ వస్తుంది, 0.5 కనిపిస్తే షేప్ 2. ఇక్కడ తప్పితే అరుగుదల కాస్తా తొలినాళ్ల లోపమైపోతుంది.

బలం మోటార్ల సంఖ్యలో లేదు, ఆగినవాటి సంఖ్యలో ఉంది. అన్నీ ఆగేదాకా చూసిన 20 మోటార్లలో షేప్ 1.3 వచ్చినా, 95 శాతం అవధి (అసలు విలువ ఉండగల హద్దులు) దాదాపు 0.9 నుంచి 1.8 దాకా పాకుతుంది. అరుగుదల ఉందని అప్పుడే తేల్చలేం.

చదువు దారి సంగతి. ఐఐటీల్లో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీకి జామ్ పరీక్షలో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపరు రాయాలి. కోల్‌కతా ఐఎస్ఐలో (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) ఎమ్‌స్టాట్‌తో పాటు క్వాలిటీ, రిలయబిలిటీ, ఆపరేషన్స్ రీసెర్చ్‌లో ఎంటెక్ ఉంది. ఖరగ్‌పూర్ ఐఐటీలో రిలయబిలిటీకి ప్రత్యేక విభాగమే ఉంది. రాయగడ నుంచి భువనేశ్వర్ కన్నా విశాఖ దగ్గర; ప్రసిద్ధ స్టాటిస్టిషియన్ సి.ఆర్.రావు గణితంలో పట్టా తీసుకున్న ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ విభాగం ఉంది. ఫెలోషిప్‌కు సీఎస్ఐఆర్ నెట్‌లో మ్యాథమెటికల్ సైన్సెస్ రాయాలి. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ (జూనియర్ ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, రెండేళ్లయ్యాక ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000. ఆ నెట్ పరీక్ష పార్ట్ సిలో ఒక ప్రశ్నకు ఒకటికి మించి సరైన జవాబులుండొచ్చు, అన్నీ గుర్తిస్తేనే మార్కులు. అరకొర చదువు సరిపోదు కాబట్టి లీనియర్ ఆల్జీబ్రా, రియల్ ఎనాలిసిస్ వదలకండి.

పీహెచ్‌డీలో ఒక ఆకర్షణకు లోనుకాకండి. పాత పంపిణీకి ఒక పారామీటరు తగిలించి, కొత్త పేరు పెట్టి, 1987లో ఆర్సెట్ అనే పరిశోధకుడు అచ్చేసిన 50 పరికరాల డేటాకే మళ్లీ అమర్చే వ్యాసాలు ఇప్పటికే లెక్కకు మించి ఉన్నాయి. వారంలో అచ్చేస్తామని డబ్బడిగే పత్రికల జోలికీ పోవద్దు. గైడుకు రాసేటప్పుడు ఒక పేజీ జతచెయ్యండి: జాబితాలో ఎన్ని మోటార్లు, ఎన్ని ఆగాయి, ఎన్ని నడుస్తున్నాయి, కారణాల వారీగా కప్లాన్–మేయర్ గీత, దాని చుట్టూ అవధి.