బ్రిటన్‌లో ఇంటర్న్‌షిప్: వీసా, వైద్య రుసుముల విషయంలో జాగ్రత్తలు

ఒడిశాలోని గుణుపురం దగ్గరి ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని గత నెలలో లండన్ విమానాశ్రయం నుంచే వెనక్కి పంపించారు. అతని పాస్‌పోర్టులో ఉన్నది సందర్శకుల వీసా. సంచిలో దొరికినది ఇంటర్న్‌షిప్ ఉత్తరం. పొలం తాకట్టు పెట్టి పంపిన తండ్రి ఆ రెండు కాగితాలనూ మా అరుగు మీద పరిచి, "తప్పెక్కడ జరిగింది బాబూ?" అని అడిగారు. రాయగడ, పర్లాకిమిడి, బరంపురం పిల్లల కాగితాలు చూసిపెడుతున్న ఇన్నేళ్లలో కుటుంబాలను నిలువునా ముంచిన తప్పు ఇదే కనుక ముందు దీని గురించే రాస్తున్నాను.

2025 ఏప్రిల్‌లో నిర్ణయించిన ప్రకారం సందర్శకుల వీసా 127 పౌండ్లు ఉండేది. ఇంటర్న్‌లకు వర్తించే తాత్కాలిక ఉద్యోగ వీసా 319 పౌండ్లు ఉండేది, దానిపై ఏడాదికి 1,035 పౌండ్ల వైద్య సర్‌చార్జి, అంటే అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం ముందే కట్టే రుసుము. ఈ తేడా చూపించే ఏజెంట్లు ఆశపెడతారు. జీతం లేకపోయినా ఇంటర్న్‌షిప్‌ను అక్కడి నిబంధనలు పనిగానే లెక్కిస్తాయి, సందర్శకులు ఆ పని చేయకూడదు. దరఖాస్తులో మోసం చేసినట్టు తేలితే పదేళ్ల నిషేధం పడవచ్చు.

ఖర్చును న్యాయంగా తగ్గించుకునే దారి తేదీలలో ఉంది. మన దేశం నుంచి దరఖాస్తు చేసినప్పుడు వీసా ఆరు నెలలు మించకపోతే సర్‌చార్జి ఉండదు, క్షయ పరీక్ష పత్రమూ అక్కరలేదు. ఆపై ఒక్క రోజు పెరిగినా ఏడాది సర్‌చార్జి మొత్తం కట్టవలసిందే. అయితే పని తేదీలకు ముందు 14, తరువాత 14 రోజులు వీసాలో కలుస్తాయి కనుక, ఆరు నెలల ఇంటర్న్‌షిప్ అంటే వీసా దాదాపు ఏడు నెలలవుతుంది. వీసాకు పూచీపడే సంస్థ (స్పాన్సర్) ఇచ్చే స్పాన్సర్‌షిప్ పత్రం జారీ కాకముందే, పని కాలం ఐదు నెలలు దాటకుండా చూడమని అడగండి.

సర్‌చార్జి మిగిలిందని బీమా మానవద్దు. అత్యవసర విభాగంలో చూపించుకోవడం ఉచితమే గాని, వార్డులో చేర్చుకుంటే ఇంగ్లండ్‌లో అసలు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు.

ఆహ్వాన ఉత్తరం చాలదు; అక్కడి ప్రభుత్వం ఆమోదించిన పథకం నడిపే సంస్థ ఇచ్చిన స్పాన్సర్‌షిప్ పత్రం సంఖ్య చేతికి రావాలి. స్పాన్సర్ హామీ ఇవ్వకపోతే 1,270 పౌండ్లు ఖాతాలో 28 రోజులు వరుసగా నిలవ ఉండాలి. మధ్యలో ఒక్క రోజు తగ్గినా లెక్క మొదటికొస్తుంది. మార్కుల జాబితాలో ఇంటిపేరు ముందూ ఆధార్‌లో చివరా ఉంటే పాస్‌పోర్టు తీసుకునేటప్పుడే సరిచేయించుకోండి. తహసీలు ఆఫీసు ఒడియా కాగితాలకు అనువాదకుని సంతకం, తేదీ, చిరునామాలతో ఇంగ్లీషు ప్రతి జతచేయండి. వీసా రాకముందు విమాన టికెట్టు కొనవద్దు. వీసా నిరాకరిస్తే సర్‌చార్జి తిరిగి వస్తుంది, వీసా రుసుము రాదు. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టవద్దు. సందర్శకుల వీసా మీద ఇంటర్న్‌షిప్‌కు వెళ్లవద్దు. "ఎవరైనా అడిగితే ఊళ్లు చూడడానికి వచ్చానని చెప్పు" అని ఏజెంటు నేర్పిన రోజున, ఇచ్చిన అడ్వాన్సు పోయినా సరే, పాస్‌పోర్టు తిరిగి తీసుకుని అక్కడినుంచి వచ్చేయండి.